తల్లితో ఉంటేనే కూనలకు బతుకు

పోచంపల్లి నేత ఇండ్లలో నూలు కొరికే ఎలుకలకు పిల్లి అంటేనే భయం. ఆ పిల్లే ఈనే వేళకు గుంత మగ్గం మూలనో, అటక మీది పాత బట్టల్లోనో చోటు చూసుకుంటుంది. కూనలు కనబడగానే జాలిపడి చేసే పనులే కొన్నిసార్లు వాటి ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: తల్లి కనబడలేదంటే పిల్లల్ని వదిలేసినట్టే.
వాస్తవం: పాలిచ్చే పిల్లికి ఆకలి ఎక్కువ. తిండి కోసం గంటల తరబడి తిరుగుతుంది. చోటు మార్చేటప్పుడు కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తీసుకెళ్తుంది. పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. మనిషి పక్కనే నిలబడితే తల్లి రాదు, దూరం నుంచే గమనించాలి. కూనలు వెచ్చగా, పొట్టలు నిండి నిద్రపోతుంటే తల్లి వచ్చిపోతున్నట్టే. ఒళ్లు చల్లబడి, ఆగకుండా అరుస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని అడగాలి.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదు.
వాస్తవం: మన వాసన తగిలిందని తల్లి పిల్లల్ని వదలదు. పదేపదే కదిలిస్తే మాత్రం బెదిరి చోటు మారుస్తుంది. మగ్గం నడవక తప్పదంటే, పాత బట్ట పరిచిన అట్టపెట్టెలో కూనల్ని పెట్టి ఆ దగ్గర్లోనే చీకటి మూలన ఉంచండి. అడ్డం వచ్చిన తల్లి గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం దవాఖానకు వెళ్లండి.

అపోహ: తల్లి లేకుంటే ఆవుపాలో బర్రెపాలో పోస్తే చాలు.
వాస్తవం: ఆ పాలు కూనలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పశువైద్యుణ్ని అడిగి పిల్లికూనల పాలపొడి వాడాలి. ముందు ఒళ్లు వెచ్చబరిచి, ఆ తర్వాతే పాలు పట్టాలి. బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటి వారాల్లో 2, 3 గంటలకోసారి పట్టాలి. ప్రతిసారీ గోరువెచ్చని తడి దూదితో కింద మెల్లగా రుద్దితేనే మలమూత్రాలు వస్తాయి. తల్లి నాలుకతో చేసే పని అదే.

అపోహ: కూన దారంతో ఆడుకుంటే ముచ్చటే, ప్రమాదం లేదు.
వాస్తవం: నేత ఊళ్లో ముందు తెలుసుకోవాల్సింది ఇదే. పిల్లి నాలుక మీది కొక్కేల్లాంటి ముళ్లు లోపలికి తిరిగి ఉంటాయి. నోట్లో పడ్డ పట్టుపోగును ఉమ్మలేక మింగేస్తుంది. అది పేగుల్లో చిక్కుకుంటే పేగు కోసుకుపోతుంది. నోటి నుంచి గాని వెనక నుంచి గాని పోగు వేలాడుతుంటే లాగొద్దు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. తెగిన పోగుల్ని, కండెల్ని మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

అపోహ: ఒక్క ఈతన్నా అయినంకనే పిల్లికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాలె.
వాస్తవం: ఆ అవసరమే లేదు. ఆడ కూన 4 నుంచి 6 నెలలకే ఎదకు రావచ్చు. పాలిస్తున్న తల్లి కూడా మళ్లీ చూలు కట్టగలదు. సుమారు 63 రోజులకే ఇంకో ఈత. అందుకే కూనలు పాలు మానగానే తల్లికి ఆపరేషన్ చేయించాలి.

అపోహ: ఊరి బయట వదిలేస్తే ఎట్లనో బతుకుతాయి.
వాస్తవం: పాలు మరవని కూన వేటాడలేదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. కనీసం 8 వారాలు తల్లి దగ్గరే ఉంచి, ఆ తర్వాత సాకేవాళ్లకు ఇవ్వండి. ఈలోగా తల్లికి రోజూ ఇంత తిండి, గిన్నెడు నీళ్లు పెడితే చాలు. కూనల్ని మనకంటే బాగా అదే పెంచుకుంటుంది.