గది గోడల రంగుల పోలిక: షేడ్ కార్డుకూ గోడకూ మధ్య అంతరం

నివాసగృహంలో గోడరంగును ఎంపిక చేసుకునే సందర్భంలో పోలికకు ఆధారం సాధారణంగా షేడ్ కార్డే. అగ్గిపెట్టె పరిమాణం మించని ముక్కపై, దుకాణపు దీపాల వెలుగులో నచ్చిన రంగు గోడ మీదికి వచ్చేసరికి మరీ గాఢంగానో, మసకగానో కనిపిస్తుంది. ఆ తేడాను పెయింటరు అజాగ్రత్తకో, డబ్బాలోని కల్తీకో ఆపాదించడం పరిపాటి. డబ్బాలోని రంగు కార్డులోని రంగే అయినప్పటికీ గది దానిని మారుస్తుంది. ఒకసారి వేసిన రంగు ఏళ్ల తరబడి ఉండేది. పిల్లల చదువూ, చూపు తగ్గిన పెద్దల కదలికలూ ఆ గోడల మధ్యనే సాగేవి. కనుక ఈ మార్పును ముందుగా అంచనా వేయగల పోలిక అవసరం.

పోలికకు తొలి అడ్డంకి పదజాలమే. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రచురించిన గ్రంథంలో రంగును వర్ణం, కాంతిమట్టం, గాఢత అనే మూడు గుణాలుగా విడదీశాడు. వాడుకలోని ‘ముదురు’ అనే విశేషణం చివరి రెండింటినీ కలిపివేస్తుంది. నలుపు కలిపిన ఆకుపచ్చా, తెలుపు తగ్గించి చిక్కబరచిన ఆకుపచ్చా రెండూ ముదురే. మొదటిది గదిని చీకటి చేస్తుంది. రెండవది గదిలోని వస్తువులన్నింటికీ తన ఛాయను అంటిస్తుంది. ‘పచ్చ’ అన్న ఒక్క మాట పసుపునూ ఆకుపచ్చనూ సూచించగల భాషలో, పేరుతో కాక కార్డు మీది సంఖ్యతో రంగును అడగడమే క్షేమం.

అన్నింటికంటే ముఖ్యమైనది గోడల మధ్య జరిగే పరస్పర పరావర్తనం. కార్డును తాకిన కాంతి ఒక్కసారి పరావర్తనం చెంది కంటిని చేరుతుంది. గదిలోనైతే ఒక గోడ నుంచి మరో గోడకు పలుమార్లు ప్రయాణిస్తుంది. లేత గంధపు రంగు ఎరుపు కాంతిలో 80 శాతాన్ని, నీలి కాంతిలో 60 శాతాన్ని తిప్పి పంపుతుందని అనుకుంటే, కార్డు మీద వాటి నిష్పత్తి 1.33. అన్ని తలాలకూ అదే రంగు వేసిన మూసిన గదిలో వరుస పరావర్తనాలను కూడితే, గోడలపై పడే ఎరుపు కాంతి తొలి మొత్తానికి 5 రెట్లు, నీలి కాంతి 2.5 రెట్లు అవుతుంది. వాటిలో గోడలు తిప్పి పంపేవి 4, 1.5, అంటే నిష్పత్తి 2.67, కార్డు మీదున్న దానికి సరిగ్గా రెట్టింపు. కిటికీ, నేల, తెల్లని పైకప్పు ఉన్న గదిలో ఈ పెంపు తగ్గుతుంది గాని దిశ మారదు. కార్డులో నచ్చిన దానికంటే ఒక మెట్టు తక్కువ గాఢత గల రంగును ఎంచుకోవాలన్న అనుభవజ్ఞుల సలహాకు శాస్త్రీయ ఆధారం ఇదే.

పగటి వెలుగు విషయంలో పాశ్చాత్య గృహాలంకరణ గ్రంథాల సూత్రాలు యథాతథంగా పనికిరావు. ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదనీ, నీలిఛాయ గల చల్లని వెలుగు మాత్రమే వస్తుందనీ అవి చెబుతాయి. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అక్కడ మే రెండో వారం నుంచి ఆగస్టు తొలిరోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు వరకు సూర్యోదయాస్తమయాలు కూడా ఉత్తరానికి ఒరిగే ఉంటాయి. అందువల్ల తెలుగునాట ఉత్తరపు గది వేసవిలో ఒక రంగుగా, శీతకాలంలో మరో రంగుగా కనిపించడం సహజం.

రాత్రివేళ సమస్య వేరు. 6500 కెల్విన్ తెల్లని దీపం కింద స్ఫుటంగా ఉన్న నీలం, 2700 కెల్విన్ పసుపు దీపం కింద బూడిదబారుతుంది. పగటి వెలుగులో ఒకేలా కనిపించిన రెండు కంపెనీల రంగులు దీపం కింద విడిపోవడాన్ని మెటామెరిజమ్ అంటారు. పాత గోడకు అతుకు వేసేటప్పుడు ఇది బయటపడుతుంది.

ఇక పక్కనున్న రంగు ప్రభావం. పారిస్‌లోని గోబెలిన్స్ చిత్రనేత కర్మాగారంలో నల్లదారం వెలిసిందన్న ఫిర్యాదును పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్, లోపం అద్దకంలో కాక పక్కనున్న రంగుల్లో ఉందని గుర్తించి, 1839లో ఏకకాలిక వైరుధ్య నియమాన్ని గ్రంథస్థం చేశాడు. నాలుగు నమూనాలను ఒకే గోడపై పక్కపక్కనే పూసి చూడడం ఈ దృష్ట్యా తప్పుదారి పట్టించే పద్ధతి. ప్రతి రంగూ పొరుగు రంగును వక్రీకరిస్తుంది. రెండడుగుల పలకలకు గోడకు పెట్టినట్లే లప్పం, ప్రైమర్ పెట్టి, రెండు పూతలు వేసి, ఒక్కొక్కదాన్ని విడివిడిగా నిలువుగా నిలిపి ఉదయం, మధ్యాహ్నం, దీపాల వేళ చూడడం మేలు. ఒకే రంగు పలకలు రెండింటిని గది మూలలో ఎదురెదురుగా ఆనిస్తే పరస్పర పరావర్తనం కూడా కొంతమేరకు కంటికి కనిపిస్తుంది.

కాంతి పరావర్తన విలువ వెలుగు పరిమాణాన్నే చెబుతుంది, తెల్లదనపు అనుభూతిని కాదు. సున్నంలో నీలిమందు కలిపి వెల్లవేసే పాత పద్ధతిలో ఈ భేదం స్పష్టం. నీలిమందు కొంత పసుపు, ఎరుపు కాంతిని పీల్చుకొని సున్నపు పసుపుఛాయను తొలగిస్తుంది. అలా వేసిన గోడ మునుపటికంటే కాస్త తక్కువ కాంతినే తిప్పి పంపుతుంది. కంటికి మాత్రం మరింత తెల్లగా తోస్తుంది.