ఆరోగ్యశ్రీ ఎవరిది? అపోహలు – వాస్తవాలు

బీర్కూర్‌లో చాయ్ హోటల్ దగ్గర వైద్యం గురించి మాట మొదలైతే చాలు, కాసేపట్లోనే అది పార్టీ మీదికో కార్డు మీదికో మళ్లుతుంది. పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకంతో ఎవరికి ఏం ఒరిగిందన్నది వెనక్కి పోతుంది, అది ఎవరిదన్నదే మిగులుతుంది. ఆ వాదనల్లో తరచూ వినిపించే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: "ఆరోగ్యశ్రీ గా పార్టోళ్లది. సర్కారు మారితే పోతది."

వాస్తవం: సర్కార్లు మారాయి, పథకం పోలేదు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా విస్తరించింది. తర్వాత రాష్ట్రం రెండైంది, మన బీర్కూర్ 2016లో నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లాకు మారింది. తెలంగాణలో టీఆర్ఎస్ ప్రభుత్వం పథకాన్ని కొనసాగిస్తూనే 2021లో కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లోనూ చేరింది. 2023 డిసెంబర్ 9న కాంగ్రెస్ ప్రభుత్వం చికిత్స ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. మన బాన్సువాడ ఎమ్మెల్యే పోచారం శ్రీనివాస్ రెడ్డి కూడా తెలుగుదేశం, టీఆర్ఎస్‌ల మీదుగా 2024లో కాంగ్రెస్‌లోకి వచ్చారు. అయినా పార్టీ ముద్ర మనల్ని వదలదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఇదే పథకం ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అంటూ పేరు మార్చుకుంది.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. అమెరికాలో 2013లో సీఎన్‌బీసీ జరిపిన సర్వేలో 'ఒబామాకేర్' అని పిలిచే వైద్య బీమా చట్టం వద్దన్నవారు 46 శాతం. అదే చట్టాన్ని దాని అసలు పేరుతో అడిగితే వద్దన్నవారు 37 శాతమే.

అపోహ: "మేం పన్ను కడితే తెల్లకార్డోళ్లు ఫ్రీగా చూపించుకుంటున్నరు."

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. నాట్లకు పోయే కూలీ కొనే సబ్బు మీదా, సెల్‌ రీచార్జి మీదా జీఎస్టీ ఉంది. ఆరోగ్యశ్రీకి డబ్బు వచ్చేది ఆ పన్నులు చేరే ఖజానా నుంచే. ఇక రెండో వైపు చూడండి. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ప్రత్యేక వైద్య పథకం ఉంది. సొంతంగా బీమా తీసుకున్నవారికి పాత పన్ను విధానంలో 25 వేల వరకు, వృద్ధులకైతే 50 వేల వరకు ఆదాయంలో మినహాయింపు ఉంది. అదీ ఖజానా వదులుకున్న సొమ్మే. దాన్ని మాత్రం ఎవరూ ఫ్రీ అనరు, హక్కంటారు. ఉన్నవాడికి అందేది హక్కు, లేనివాడికి అందేది దయ అనుకున్నంత కాలం, కార్డున్న మనిషి ఆసుపత్రి కౌంటర్ దగ్గర గొంతెత్తి అడగలేడు.

అపోహ: "సర్కారు దవాఖాన గతిలేనోళ్లకే."

వాస్తవం: బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు పొందింది. పైగా మాట చెల్లే కుటుంబాలు ప్రైవేటుకు వెళ్లిపోతే, డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందని గట్టిగా నిలదీసేవారు ఎవరు మిగులుతారు?

అపోహ: "కార్డుంటే ఏ రోగానికైనా పైసా అక్కర్లేదు."

వాస్తవం: కాదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా జాబితాలో ఉన్న ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు వర్తిస్తుంది. బీపీ, షుగర్ గోలీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. పెద్దాసుపత్రికి వెళ్లే ముందు అది నెట్‌వర్క్‌లో ఉందో లేదో, మీ చికిత్స జాబితాలో ఉందో లేదో అక్కడ పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్రను అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు.