మేక కార్జంలో ఆకు పురుగు: చిల్లంగి కాదు, జలగ వ్యాధి



మన హాస్టల్లో మేకలు లేని ఇంటి పిల్లలు చాలా తక్కువ. ఇంట్లో జ్వరం వస్తే మేకనే అమ్ముతారు. పెళ్ళి వచ్చినా మేకే. మనకు ట్రంకు పెట్టె కొనాలన్నా సంతకు మేకే నడుస్తుంది. అలాంటి మేకలు వానలు తగ్గి చలి మొదలయ్యాక ఒకటొకటిగా చిక్కిపోయి చచ్చిపోతుంటాయి. అలా చావడానికి ఒక పెద్ద కారణం జలగ వ్యాధి. సైన్సు టీచర్ చెప్పింది, లైబ్రరీ పుస్తకంలో చదివింది, మా ఊరికి వచ్చిన పశువుల డాక్టరు గారు చూపించింది కలిపి రాస్తున్నాను. సంక్రాంతి సెలవులకు వెళ్ళే ముందు అందరూ చదవండి.

ఈ పురుగు ఎవరు?

పేరు జలగ అంటారు గాని, ఇది మన కాళ్ళకు పట్టే జలగ కాదు. ఆ జలగ ఒంటికి గీతలు గీతలుగా వలయాలుంటాయి. ఇది బల్లపరుపు పురుగు. పుస్తకంలో ప్లాటిహెల్మింథిస్ అని ఉంటుంది. మనుషుల పేగుల్లో ఉండే బద్దెపురుగు కూడా ఈ కుటుంబమే. ఈ కుటుంబం పురుగులు సముద్రంలో ఉన్నాయి, గెడ్డలో రాళ్ళ కింద ఉన్నాయి, పట్నంలో ఇళ్ళల్లో పెంచే చేపల తొట్టెల్లో చేపల మొప్పలకు కూడా పట్టుకుంటాయి.

మేకలకు పట్టే దాని పేరు ఫాసియోలా. మన దేశంలో ఎక్కువగా ఉండేది ఫాసియోలా జైగాంటికా. చూడ్డానికి లేత వెదురు ఆకులాగ ఉంటుంది. 7 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దానికి నోరు ఉంది గాని మలద్వారం లేదు. తిన్నదాంట్లో మిగిలింది కూడా నోటి నుంచే బయటికి వదులుతుంది. ఆడ, మగ రెండూ ఒకే పురుగులో ఉంటాయి. అది కాపురం ఉండేది కార్జంలో, అంటే పుస్తకం మాటలో కాలేయంలో. పైత్యరసం నడిచే గొట్టాల్లో ఉంటుంది. ఆవు, గేదె, గొర్రె, మేక అన్నిటికీ పడుతుంది.

గడ్డి నుంచి కార్జానికి దారి

ఇదే ముఖ్యమైన సంగతి. ఈ పురుగు మేక నుంచి మేకకు నేరుగా పోలేదు. మధ్యలో నీళ్ళు కావాలి, నత్త కావాలి.

1. కార్జంలో ఉన్న పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పైత్యరసంతో పేగుల్లోకి దిగి, పెంటికల్లో, పేడలో బయటికి వస్తాయి.

2. పెంటిక ఎండలో ఎండిపోతే గుడ్డు చచ్చిపోతుంది. నీళ్ళలో పడితే మాత్రం రెండు మూడు వారాల్లో పగులుతుంది. కంటికి కనపడని చిన్న పిల్ల బయటికి వచ్చి ఈదుతుంది.

3. ఆ పిల్లకు ఒక రోజే ఆయువు. అంతలోపల దానికి నత్త దొరకాలి. అన్ని నత్తలూ పనికిరావు. లిమ్నియా అనే చిన్న నత్త కావాలి. దాని పెంకు పల్చగా ఉంటుంది. మొన పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి చూస్తే నోరు కుడివైపు ఉంటుంది. మనం కూర వండుకునే పెద్ద నత్త వేరు.

4. నత్త లోపలికి ఒక పిల్ల దూరితే, కొన్ని వారాల తర్వాత వందల పిల్లలు బయటికి వస్తాయి. ఒకటి వందలవ్వడం నత్తలోనే జరుగుతుంది.

5. ఇవి తోకలతో ఈది, నీటి అంచున ఉన్న గడ్డి పరకలకు, వరి దంట్లకు అంటుకుంటాయి. తోక ఊడిపోతుంది. చుట్టూ గట్టి పొర కట్టుకుని కూర్చుంటాయి. తడి ఉంటే నెలల తరబడి బతికే ఉంటాయి. బాగా ఎండిపోతే చస్తాయి.

6. మేక ఆ గడ్డి తింటుంది. పేగులో పొర విడిపోతుంది. పిల్ల పురుగు పేగు గోడను తొలుచుకుని కడుపులోకి, అక్కడి నుంచి కార్జంలోకి పోతుంది. వారాల తరబడి కార్జాన్ని తొలుస్తూ తిరిగి, పైత్యపు గొట్టంలో చేరుతుంది. మేక గడ్డి మేసిన రోజు నుంచి పురుగు మళ్ళీ గుడ్లు పెట్టే దాకా మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. వానాకాలం అంతా గెడ్డ ఒడ్డున, పల్లపు పొలంలో నత్తలు పెరుగుతాయి. వానలు ఆగాక నీళ్ళు వెనక్కి తగ్గుతాయి. కొండ మీద గడ్డి ఎండిపోతుంది. పచ్చగడ్డి ఉండేది నీటి అంచునే. మేకలు అక్కడికే దిగుతాయి. అందుకే జబ్బు చలి రోజుల్లో బయటపడుతుంది.

ఈ దారి కనుక్కోవడానికి లోకానికి 500 ఏళ్ళు పట్టింది. ఈ పురుగు గురించి మొదట రాసింది ఫ్రాన్సు దేశంలో జాన్ ద బ్రీ. 1379లో రాశాడు. ఆయన చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడే. 1879-80లో ఇంగ్లండులో ఈ జబ్బుతో సుమారు 30 లక్షల గొర్రెలు చచ్చిపోయాయి. ఆ తర్వాత ఇంగ్లండులో ఆల్జర్నన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ ల్యూకార్ట్ వేరువేరుగా పని చేసి, మధ్యలో ఉన్నది నత్త అని 1883 నాటికి తేల్చారు. అక్కడి పురుగు ఫాసియోలా హెపాటికా, మన దానికంటే కొంచెం చిన్నది. దారి మాత్రం ఒకటే.

గుర్తులు

మేక మందతో నడవలేక వెనకబడుతుంది. వెంట్రుకలు గరుకై రాలిపోతాయి. కంటి కింది రెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటుంది. దవడ కింద నీటి సంచిలాగ వాపు దిగుతుంది. ఒకేసారి ఎక్కువ పిల్ల పురుగులు కార్జంలో పడితే ఏ గుర్తూ లేకుండానే మేక చచ్చిపోవచ్చు.

ఐతే దవడ వాపు, తెల్ల కన్ను చూసి జలగే అని చెప్పేయకూడదు. కడుపులో రక్తం తాగే వేరే పురుగులున్నా అలాగే వస్తుంది. పెంటికలు డబ్బాలో వేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే సూక్ష్మదర్శినిలో గుడ్లు చూస్తారు. పిల్ల పురుగులు గుడ్లు పెట్టవు కాబట్టి, మొదటి మూడు నెలల్లో పెంటికలో ఏమీ కనపడకపోవచ్చు. అది కూడా గుర్తు పెట్టుకోండి.

చిల్లంగి మాట

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి.

పోయిన చలికాలం మా ఊళ్ళో పదకొండు మేకలు పోయాయి. "ఎవురో చిల్లంగి పెట్టీసినారు" అన్నారు. ఎవరో అన్న మాట నాలుగు రోజుల్లో ఒక మనిషి పేరయింది. ఊరి చివర ఒక్కతే ఉండే ముసలామె. ఆమె ఊట దగ్గరికి వస్తే బిందెలు ఎత్తుకుని పక్కకు పోయేవారు. పిల్లల్ని ఆమె గడప తొక్కొద్దన్నారు. చచ్చిన మేకల్లో రెండు ఆ ముసలామెవే. అది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పశువుల డాక్టరు గారు వచ్చినప్పుడు, అప్పుడే చచ్చిన మేకను అందరి ముందు కోశారు. కార్జం గరుగ్గా, మచ్చలు మచ్చలుగా ఉంది. పైత్యపు గొట్టాలు తాడులాగ గట్టిపడి ఉన్నాయి. కోసి నొక్కితే ఆకు పురుగులు బయటికి వచ్చాయి. లెక్కపెడితే ముప్పై దాటాయి. ఆయన పురుగును నీళ్ళ గిన్నెలో వేసి అందరికీ చూపించి, "ఇదిగో మీ చిల్లంగి" అన్నారు.

మా తాత మర్నాడే వెళ్ళి ఆ ముసలామె మిగిలిన మేకకు కూడా మందు పోయించాడు. ఐనా కొంతమంది ఇప్పటికీ ఆమె ఇంటి వైపు వెళ్ళరు. చిల్లంగి అనుమానంతో మనుషుల్నే చంపిన సంగతులు పేపర్లో మనం చదివాం. అందుకే ఈ పురుగు గురించి తెలిస్తే మేకలు బతకడమే కాదు, మనుషులు కూడా బతుకుతారు అని నేను అనుకుంటున్నాను.

మందు

మనకు నులిపురుగుల దినం నాడు చప్పరించమని ఇచ్చే మాత్ర ఆల్బెండజోల్. ఆ కార్యక్రమం 2015లో మొదలైంది. అదే మందు మేకలకు ద్రవంగా పోస్తారు. అది నులిపురుగులకు బాగా పనిచేస్తుంది. కార్జంలో ఎదిగిన జలగల మీద మాత్రమే పనిచేస్తుంది, పిల్ల పురుగులు బతికిపోతాయి. ఆక్సిక్లోజనైడ్ కూడా ఎదిగిన వాటికే. ట్రైక్లాబెండజోల్ పిల్ల పురుగులను కూడా చంపుతుంది.

ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. బరువును బట్టి మోతాదు ఉంటుంది. సగం పోస్తే పురుగు చావదు, మందుకు అలవాటు పడిపోద్ది. చూలు కట్టిన కొత్తలో ఆల్బెండజోల్ పోస్తే కడుపులో పిల్లకు ప్రమాదం. మందు పోసిన తర్వాత ఎన్ని రోజులు పాలు తాగకూడదో, మాంసం తినకూడదో అడగాలి. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

మందు కంటే ముందు

మందు పోసి మళ్ళీ అదే గెడ్డ ఒడ్డుకు తోలితే మళ్ళీ పురుగు పడుతుంది. అందుకని దారిని ఎక్కడో ఒకచోట తెంపాలి.

• వానల చివర నుంచి చలికాలం దాకా మేకల్ని కొండ వాలు మీద మేపాలి, నీటి అంచున మేపకూడదు.

• గెడ్డలో దింపకుండా తొట్టెలో నీళ్ళు పోసి తాగించాలి. నీళ్ళు మోసేది మనమే, కష్టమే. కాని మేక ధర గుర్తు చేసుకోండి.

• పల్లంలో కోసిన గడ్డిని బాగా ఎండబెట్టాకే వేయాలి.

• పచ్చి పేడ, పెంటికలు పొలంలో చల్లొద్దు. కుప్ప వేసి మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి.

• బాతులు నత్తల్ని తింటాయి. వీలైనవాళ్ళు పెంచవచ్చు.

• నత్తలు చావాలని గెడ్డలో మైలుతుత్తం కలపొద్దు. చేపలు కూడా చస్తాయి. ఆ నీళ్ళే మనం తాగుతాం.

• ఊరంతా ఒకేసారి మందు పోయించాలి. గేదెలు, ఆవులు పైకి బాగానే కనపడినా వాటి పేడలో గుడ్లు ఉంటాయి. ఒక్క ఇల్లు మానేసినా ఆ గుడ్లు అందరి గెడ్డలోకే వస్తాయి.

మీరు అడిగే ప్రశ్న

"ఆ కార్జం తింటే మనకు వస్తుందా?" అని డార్మిటరీలో చాలామంది అడిగారు. కార్జంలో ఉన్న పెద్ద పురుగు వల్ల మనకు జబ్బు అంటదు. మనుషులకు వచ్చేది నీటి అంచున పెరిగే ఆకులు పచ్చిగా తింటే, వాటి మీద పొర కట్టుకున్న పిల్లలు ఉంటే. కాబట్టి ఆకుకూర ఉడికించి తినండి. పురుగులున్న కార్జం, చేదు సంచి మాత్రం గెడ్డలో పారేయొద్దు. దాంట్లో గుడ్లు ఉంటాయి. గొయ్యి తీసి పూడ్చండి.

సెలవులకు ఇంటికి వెళ్ళగానే ప్రతి మేక కంటి కింది రెప్ప లాగి చూడండి. తెల్లగా ఉన్నవి ఎన్నో లెక్క రాసుకోండి. అమ్మకు, నాన్నకు నత్త సంగతి చెప్పండి. ఎవరైనా చిల్లంగి అంటే, చచ్చిన మేక కార్జం డాక్టరు చేత కోయించి చూడమనండి. చూసిన తర్వాతే మాట్లాడమనండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని