తలుపు బయట ఉన్నవారు

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంది పొడంపేట. మత్స్యకారుల ఊరు. సముద్రం ఒడ్డును కోసుకుపోతుంటే పాత ఊరు వదిలి జనం లోపలికి తరలిపోయారు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పరుగెత్తేది బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతో 1962లో మొదలైన కళాశాల అది.

మంచం మీద ఉన్నవారిని డాక్టర్లు, నర్సులు చూసుకుంటారు. మరి ఐ.సి.యు. తలుపు బయట గోడకు చేరబడిన ఆ ఇల్లాలి సంగతి?

అమెరికాలో నాన్సీ మోల్టర్ అనే నర్సు 1979లో ఇలాంటి 40 మంది బంధువులను, మీకేం కావాలని అడిగింది. ఆశ ఉందన్న ధైర్యం కావాలన్నారు. అడిగినదానికి నిజం చెప్పాలన్నారు. ఈ రెండూ ఒకచోట ఇమడటం కష్టమే, కానీ మనిషికి రెండూ కావాలి.

మనవారికి అక్కడ భాష అడ్డొస్తుంది. బేరసారాలకు సరిపడా ఒడియా వస్తుంది గాని, వెంటిలేటర్ పెట్టాలి, సంతకం చేయండి అంటే గుండె జారిపోతుంది. ఆ మిషను పెట్టారంటే ఇక అయిపోయినట్టే అనుకుంటారు. ఊపిరి భారం మిషను మోస్తుంది, జబ్బుకు వైద్యం వేరే నడుస్తూనే ఉంటుంది అని తెలుగులో చెప్పే మనిషి ఉంటే ఎంత మేలు! బరంపురంలో రెండు భాషలూ వచ్చినవారికి కొదవా?

అయితే ఒక జాగ్రత్త. డాక్టరు "చెప్పలేం" అంటే మనం "తగ్గిపోతుందిలే అమ్మా" అనకూడదు. జాలితో అన్నా అది అబద్ధమే. రేపు చూడవలసిన బిడ్డను కబురు పెట్టి పిలిపించుకునే అవకాశం ఆ మాటతో పోతుంది.

మిగతావి చిన్న పనులు. డాక్టరు చెప్పింది ఒక పుస్తకంలో రాసిపెట్టడం, రాత్రి కాపలాకు వంతులు వేయడం, కాపలా ఉన్నావిడ తన బీపీ మాత్ర వేసుకుందో లేదో అడగడం. వేటకు వెళ్లనిరోజు కూలి రాదు గనుక ఊళ్లో పిల్లల కూడు ఎవరు చూస్తున్నారో కూడా అడగాలి. 2015లో ఒడిశా ప్రభుత్వం ఐదు రూపాయలకు అన్నం, దాల్మా పెట్టే "ఆహార్" మొదలుపెట్టినప్పుడు తొలి ఊళ్లలో బరంపురం ఒకటి. అలాంటి భోజనం దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని తీసుకెళ్లాలి. తినమని చెబితే వెళ్లరు, చెయ్యి పట్టుకుని తీసుకెళితే వస్తారు.

ప్రాణం నిలవకపోతే, సర్కారు ఆసుపత్రుల నుంచి శవాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే "మహాప్రయాణ" బండ్లు 2016లో వచ్చాయి. ఆ వేళ వాటిని అడగాలని ఇంటివారికి తోచదు. పక్కనున్నవారే వెళ్లి అడగాలి.