ఎంజైమ్ ఆగింది, క్రిమి ఆగలేదు

క్షయ మందుల కోసం వెతికే మా ల్యాబ్‌లో సంతోషం, దిగులు ఒకదాని వెనకే ఒకటి వస్తాయి. 96 గుంటల ప్లేట్‌లో క్షయ క్రిమి ఎంజైమ్ ఇన్‌హెచ్‌ఏ, దానికి కావలసిన ముడిపదార్థం, ఎన్‌ఏడీహెచ్ వేసి, కొత్త రసాయనం చుక్క కలుపుతాం. ఎంజైమ్ పనిచేస్తున్నంతసేపూ 340 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ పడిపోతూనే ఉంటుంది. గ్రాఫ్‌లో గీత దిగకుండా నిలబడితే ఎంజైమ్ ఆగినట్టే! అదే రసాయనాన్ని బతికున్న క్రిమి మీద వేసి, వారం గడిచాక అలమార్ బ్లూ అనే రంగు కలిపితే, నీలం కాస్తా చాలాసార్లు గులాబీ రంగుకు తిరుగుతుంది. క్రిమి చావలేదన్నమాట.

కారణం దాని ఒంటిమీది మైనపు పొర. మైకోలిక్ ఆమ్లాలతో కట్టుకున్న ఆ పొర మీద మందులెన్నో తామరాకు మీది నీటిబొట్లలా జారిపోతాయి. ఎలాగోలా లోపలికి చేరినవాటిలోనూ కొన్నిటిని క్రిమి బయటికి తోసేస్తుంది. ఆ పొర తయారీకి ఇన్‌హెచ్‌ఏ తప్పనిసరి. అందుకే దాని వెంట పడ్డాం.

దాని ఆచూకీ చెప్పింది పాత మందే. ఐసోనియాజిడ్‌ను 1912లోనే ప్రాగ్‌లో తయారుచేశారు. క్షయ మీద పనిచేస్తుందని 1952లో గాని తెలియలేదు. అది దెబ్బకొట్టేది ఇన్‌హెచ్‌ఏనని 1994లో బయటపడింది. అయితే ఆ మాత్ర మింగగానే మందైపోదు. క్రిమిలోనే ఉన్న క్యాట్‌జీ అనే మరో ఎంజైమ్ దాన్ని మందుగా మార్చాలి. క్యాట్‌జీ చెడిన క్రిమికి ఐసోనియాజిడ్ వల్ల ఏమీ కాదు. ఐసోనియాజిడ్‌కు లొంగని క్షయలో ఎక్కువగా కనిపించేది ఈ లోపమే. క్యాట్‌జీతో పని లేకుండా నేరుగా ఇన్‌హెచ్‌ఏను పట్టి ఆపే అణువు కావాలి మాకు.

ఒక్క ఎంజైమ్‌నే నమ్ముకుంటే చాలదని కూడా చెప్పాలి. 1995-2001 మధ్య గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ రకరకాల బ్యాక్టీరియా లక్ష్యాల మీద 67 భారీ గాలింపులు చేస్తే, ముందుకు తీసుకెళ్లదగ్గవి ఐదే దొరికాయి. క్షయ మందు బెడాక్విలిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారిలో వచ్చింది. కోయెన్ ఆండ్రీస్ బృందం క్షయ క్రిమికి దాయాది అయిన, త్వరగా పెరిగే స్మెగ్మాటిస్ మీద రసాయనాలు పరీక్షించింది. చంపగలిగినదాన్ని పట్టుకుని, దానికి లొంగని క్రిముల జన్యువులు చదివింది. దెబ్బ పడుతున్నది శక్తిని తయారుచేసే ఏటీపీ సింథేజ్ మీదని అప్పుడు తేలింది. ఆ ఫలితాలు 2005లో వెలువడ్డాయి, అమెరికాలో అనుమతి 2012 డిసెంబరులో వచ్చింది. ముందు క్రిమి చావాలి, ఎందుకు చచ్చిందో తర్వాత వెతకాలి. నా నమ్మకం ఇదే.

ఇంత శ్రమకు దొరికిన మందులు మన చేతిలో ఎన్నో లేవు. మీ ఇంట్లో ఎవరైనా క్షయ మందులు వాడుతుంటే, దగ్గు తగ్గింది కదా అని మధ్యలో మాననివ్వకండి. డాక్టరు చెప్పిన చివరి మాత్ర దాకా దగ్గరుండి వేయించండి.