మన వంతు ఎప్పుడు?

అది జిల్లాలో పెద్దాసుపత్రి. రాత్రి 9 గంటలు. క్యాజువాలిటీ గది ముందు వరండా నిండా జనం. బెంచీల మీద చోటు లేదు. కొందరు గోడ పక్కన కిందే కూర్చున్నారు.

ఆ గోడ పక్కనే ఒక అత్తా కోడలూ ఉన్నారు. సాయంత్రం అత్త మిరపకోత నుంచి వస్తూ కాలవ గట్టు మీద జారి పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయింది. కోడలు ఆటో మాట్లాడుకుని తీసుకొచ్చింది. 7 గంటలకు చీటీ రాయించింది.

ఒక సిస్టరు వచ్చి చెయ్యి చూసింది. వేళ్లు కదపమంది. గాజులు తీసెయ్యమంది. గాజులు తీయడానికి అత్తకు మనసొప్పలేదు.

"వాపు పెరిగితే గాజులు బిగుసుకుపోతాయి పెద్దమ్మా. తీసి రెండో చేతికి వేసుకోవచ్చులే" అంది సిస్టరు.

అట్ట పెట్టి కట్టు కట్టింది. "కూర్చోండి, పిలుస్తాం" అని వెళ్లిపోయింది. రెండు గంటలు గడిచాయి. పిలుపు రాలేదు.

ఈలోగా ఒక మనిషిని స్ట్రెచర్ మీద తెచ్చారు. చూస్తుండగానే లోపలికి తీసుకుపోయారు. ఆ వెనక ఒక తల్లి పసిబిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చింది. ఆ బిడ్డనూ లోపలికి తీసుకుపోయారు. వాళ్ల చేతిలో చీటీ కూడా లేదు.

కోడలికి ఒళ్లు మండింది. లేచి వెళ్లి గట్టిగా అడిగింది.

"మేం ముందొచ్చాం. వాళ్లు మా వెనకొచ్చారు. వాళ్లకి లోపల తెలిసినోళ్లు ఉన్నారా? లేనోళ్లంటే అంత అలుసా సిస్టరమ్మా?"

సిస్టరు ఒక్క నిమిషం ఆగి చెప్పింది. "ఆయన పురుగుమందు కొట్టి వచ్చి పడిపోయాడమ్మా. ఊపిరి ఆడడం లేదు. ఆ బిడ్డకు ఫిట్స్ వచ్చాయి, ఆగడం లేదు. మీ అత్తకు నొప్పి ఉంది, నాకు తెలుసు. కానీ ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. వాళ్లకు పది నిమిషాలు ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు."

కోడలు మారు మాట్లాడలేదు. సగం కోపం తగ్గింది. సగం మిగిలింది. ఆ మిగిలిన కోపం కూడా తప్పు కాదు. ఎందుకు తప్పు కాదో తెలుసుకుందాం.

ఇక్కడి వరస వేరు

రేషన్ షాపులో ముందు వచ్చిన వారికి ముందు ఇస్తారు. బోరింగు దగ్గరా అంతే. బిందె ముందు పెట్టిన వారిది ముందు వంతు. క్యాజువాలిటీలో అలా కాదు. ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువో వారిది ముందు వంతు.

ఈ పద్ధతిని డాక్టర్లు 'ట్రయాజ్' అంటారు. అది ఫ్రెంచి మాట. ఏరి వేరు చెయ్యడం అని అర్థం. కల్లంలో మనం తాలు కాయలు వేరు, మంచి కాయలు వేరు ఏరుతాం కదా. అలాగే ఆసుపత్రికి వచ్చిన వారిలో ఎవరికి తొందరో ఏరి చూస్తారు.

సుమారు 200 ఏళ్ల కిందట ఫ్రాన్సు దేశపు సైన్యంలో లారే అనే డాక్టరు ఉండేవాడు. యుద్ధంలో దెబ్బలు తగిలిన వారికి ఆయన వైద్యం చేసేవాడు. పెద్ద అధికారా, మామూలు సిపాయా అని చూడకూడదన్నాడు. దెబ్బ ఎంత పెద్దదో చూసి ముందు వారికి వైద్యం చెయ్యాలన్నాడు. అంటే ఈ పద్ధతి పుట్టిందే ఉన్నవారు, లేనివారు అనే తేడా లేకుండా ఉండడానికి.

కొన్ని ఆసుపత్రుల్లో దీనికి రంగులు పెట్టారు.

ఎరుపు: వెంటనే చూడాలి. ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, రక్తం ఆగకపోవడం, ఆగని ఫిట్స్, గుండెపోటు, పక్షవాతం, పాముకాటు, విషం, కాన్పు తర్వాత ఎక్కువగా రక్తం పోవడం లాంటివి.

పసుపు: త్వరగా చూడాలి. కానీ కొంతసేపు ఆగొచ్చు. ఎముక విరగడం లాంటివి.

ఆకుపచ్చ: ఆగినా ముప్పు లేదు. చిన్న గాయం, జలుబు, ఎన్నాళ్లుగానో ఉన్న నడుం నొప్పి లాంటివి.

అన్ని ఆసుపత్రుల్లో రంగుల బోర్డు ఉండదు. కానీ సిస్టరు మనసులో ఈ లెక్క ఉంటుంది.

ఎందుకింత ఆలస్యం?

వరస సంగతి సరే. మరి గంటల తరబడి ఎందుకు కూర్చోవాలి? దీనికి కారణాలు చాలా ఉన్నాయి.

ఒకటి, రాత్రిపూట డాక్టర్లు తక్కువ. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఒకరు వస్తే ఉన్న డాక్టరూ, సిస్టరూ ఆ మనిషి దగ్గరే ఉండాలి.

రెండు, లోపల మంచాలు ఖాళీ ఉండవు. క్యాజువాలిటీలో చూసిన రోగిని వార్డుకు పంపాలి. వార్డులో మంచం లేకపోతే ఆ రోగి క్యాజువాలిటీలోనే ఉండిపోతాడు. అప్పుడు కొత్తగా వచ్చిన వారికి చోటు ఉండదు. కాలవకు ముందు తూము మూసుకుపోతే వెనక నీళ్లు ఎగదన్నుతాయి కదా. ఇదీ అంతే. జనం వాకిట్లో కనబడతారు. అడ్డు మాత్రం లోపల ఉంటుంది.

మూడు, రక్త పరీక్షకూ, ఎక్స్‌రేకూ వేళ పడుతుంది. ఆ ఫలితం వచ్చే దాకా డాక్టరు ఏమీ తేల్చలేడు.

నాలుగు, దగ్గరలో వైద్యం అందదు. ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతంలో, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒకటి ఉండాలి. ఆ కేంద్రంలో రాత్రి డాక్టరు లేకపోతే అందరూ పెద్దాసుపత్రికే వస్తారు.

అయిదు, కొందరు పొద్దున ఓ.పి.లో చూపించుకోవలసిన జబ్బుకు రాత్రి క్యాజువాలిటీకి వస్తారు. పగలంతా కూలికి వెళ్లేవారికి ఓ.పి. వేళ కుదరదు మరి. వాళ్లనూ తప్పు పట్టలేం.

చూశారా? ఇందులో చాలా వాటికి ఆ సిస్టరు కారణం కాదు. ఆమె మీద అరిస్తే మంచాలు పెరగవు. చెయ్యి చేసుకుంటే ఉన్న పని కూడా ఆగిపోతుంది. ఆసుపత్రి సిబ్బందిని కొట్టినా, సామాను పగలగొట్టినా శిక్ష పడేలా 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేశారు. మంచాలు పెంచడం, డాక్టర్లను పెట్టడం ప్రభుత్వం పని. మన కోపం అక్కడికి చేరాలి.

ఊరుకుని కూర్చోకూడదు

మళ్లీ ఆ వరండాలోకి వద్దాం. పదిన్నర అయింది.

"వేళ్లు మొద్దుబారిపోయాయే అమ్మాయ్" అంది అత్త.

కోడలు వేళ్లు పట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి. గోళ్లు నీలంగా కనబడ్డాయి. మళ్లీ సిస్టరు దగ్గరికి వెళ్లింది. ఈసారి అరవలేదు. ఏం మారిందో చెప్పింది.

"ఇందాక వేళ్లు కదిపింది సిస్టరమ్మా. ఇప్పుడు కదపలేకపోతోంది. చల్లబడ్డాయి, రంగు మారింది."

సిస్టరు వెంటనే లేచి వచ్చింది. కట్టు వదులు చేసింది. డాక్టరును పిలిచింది. వాపు పెరిగి కట్టు బిగిసింది. వేళ్లకు రక్తం సరిగా అందడం లేదు. అత్తను అప్పుడే లోపలికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. ఎముక సరిచేసి పిండికట్టు వేశారు. కోడలు చెప్పకుండా తెల్లారే దాకా కూర్చుని ఉంటే ఆ చెయ్యే పనికి రాకుండా పోయేది.

ఇది గుర్తుంచుకోవాలి. వచ్చినప్పుడు చూసిన చూపు చాలదు. కూర్చున్న చోటే జబ్బు ముదరొచ్చు. అప్పుడు వరస కూడా మారాలి. ఊపిరి కష్టమైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, రక్తం మళ్లీ కారినా, బిడ్డ పాలు తాగకుండా వాలిపోయినా వెంటనే చెప్పాలి. "మళ్లీ ఒకసారి చూడండి" అని అడగడం గొడవ కాదు. అది రోగి హక్కు.

చట్టం ఏమంటుంది?

ఆగమనడం వేరు. వెళ్లిపొమ్మనడం వేరు.

ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ఏ డాక్టరూ కాదనకూడదు. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి. పోలీసు కాగితాలు తర్వాత. ఈ మాట సుప్రీంకోర్టు 1989లో చెప్పింది.

ఇంకో తీర్పు 1996లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీల సంఘం ఉంది. అందులో ఒక సభ్యుడు 1992లో రైలు నుంచి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఒక్కొక్క సర్కారు ఆసుపత్రికీ తిప్పారు. మంచం లేదని ఒకరు, సౌకర్యం లేదని ఒకరు చేర్చుకోలేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. సుమారు 17,000 రూపాయలు ఖర్చయింది. సంఘం ఊరుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది. సమయానికి వైద్యం చెయ్యకపోతే అది జీవించే హక్కును కాలరాయడమే అని కోర్టు చెప్పింది. ఆయనకు 25,000 రూపాయలు ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. డబ్బు లేదని ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోకూడదని కూడా చెప్పింది.

ఒక కూలీ మనిషి, ఒక కూలీల సంఘం తెచ్చుకున్న తీర్పు ఇది. దేశమంతటికీ పనికొస్తోంది.

రోడ్డు మీద దెబ్బలు తగిలిన వారిని ఆసుపత్రికి తెచ్చే వారికీ రక్షణ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారు. మంచి మనసుతో సాయం చేసిన వారి మీద కేసు పెట్టకూడదు. పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు.

ఇంటి దగ్గరి ఆలస్యం

కొన్నిసార్లు ఆలస్యం ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే మొదలవుతుంది. ముఖ్యంగా జబ్బు ఆడవాళ్లదైతే. "ఆయన పొలం నుంచి రానీ", "తెల్లారనీ", "పని అయ్యాక చూద్దాం" అనుకుంటూ ఉంటాం.

మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే సూదిమందు ఉంది. 4 గంటల 30 నిమిషాల లోపు అయితేనే అది పనికొస్తుంది. ఎంత ముందు చేస్తే అంత మేలు.

గుండెపోటు ఆడవాళ్లకూ వస్తుంది. ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, చెమట, వాంతి, చెప్పలేని నీరసం ఉండొచ్చు. గ్యాస్ అనుకుని పడుకోకూడదు.

పాము కరిస్తే గాటు పెట్టకూడదు. తాడు బిగించి కట్టకూడదు. మంత్రం కోసం ఆగకూడదు. కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి.

108 నంబరుకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. డబ్బు కట్టనక్కర లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ఇది మొదలైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

వెంట ఏం తీసుకెళ్లాలి?

పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు తీసుకెళ్లాలి. పురుగుమందు కేసైతే ఆ డబ్బా చూపించాలి. జబ్బు ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. చెయ్యి వాస్తే గాజులు, ఉంగరాలు ముందే తీసెయ్యాలి.

ఆసుపత్రిలో బోర్డులు చదవండి. క్యాజువాలిటీ, ఎక్స్‌రే, రక్త పరీక్ష, మందుల గది అని రాసి ఉంటుంది. ఎవరినో అడిగి, ఎవరికో డబ్బులిచ్చి దారి కనుక్కునే పని లేదు.

అర్జీ రాద్దాం

చేర్చుకోకపోయినా, మళ్లీ చూడమంటే చూడకపోయినా, లంచం అడిగినా ముందు డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. తర్వాత ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాసి ఇవ్వాలి. కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇలా ఉండొచ్చు.

"అయ్యా, మా మండలంలో ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట డాక్టరు ఉండడం లేదు. చిన్న దెబ్బకూ పెద్దాసుపత్రికి వెళ్లాల్సి వస్తోంది. అక్కడ గంటల తరబడి కూర్చోవాల్సి వస్తోంది. మా ఆరోగ్య కేంద్రంలో రాత్రి డాక్టరును పెట్టించమని కోరుతున్నాం."

కింద తేదీ వెయ్యాలి. అందరూ సంతకాలు చెయ్యాలి. ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి. అర్జీ అందినట్టు రసీదు అడగాలి.

ఆ కోడలు కూడా ఇంటికి వచ్చాక సంఘం అక్కలతో కలిసి ఇలాంటి అర్జీయే రాసింది. అత్త కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. సంతకం పెట్టడం కుదరలేదు. "కట్టు విప్పాక నేనూ పెడతా, కాగితంలో నాకు చోటు ఉంచండే" అంది అత్త.

మాట్లాడుకుందాం

1. మీ ఊరికి దగ్గరలో రాత్రి డాక్టరు ఉండే ఆసుపత్రి ఏది? అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది?

2. వెనక వచ్చిన వారిని ముందు చూడడం ఎప్పుడు న్యాయం? ఎప్పుడు అన్యాయం?

3. మీ ఇంట్లో ఆడవాళ్లకు జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలని ఎవరు తేలుస్తారు?

4. మీ ఊరి ఆరోగ్య కేంద్రం గురించి ఒక అర్జీ మీ చేతితో రాయండి.