నోటుపుస్తకం నుంచి బహిరంగ పుటకు: దిగువ కృష్ణా డెల్టాలో డిజిటల్ అభ్యసనం

కీలక పదాలు: డిజిటల్ అభ్యసనం, తెలుగు వికీపీడియా, బ్లాగు, స్థానిక చరిత్ర, మౌఖిక సాక్ష్యం, దివిసీమ.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ విద్యార్థి రాసే అసైన్‌మెంటుకు సాధారణంగా పాఠకుడు ఒక్కరే: మార్కులు వేసే అధ్యాపకుడు. అదే విషయాన్ని బ్లాగులోనో, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనో రాసినప్పుడు, ‘ఈ మాటకు ఆధారమేమిటి?’ అని అడిగే పాఠకులు ఎదురవుతారు. అభ్యసన స్వభావం మారేది ఈ ప్రశ్న వద్దనే. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో రాయడం ఈ దిశలో పడిన అడుగు. దిగువ కృష్ణా డెల్టాలో ఇటువంటి కృషికి ఉన్న సామగ్రిని, ఏ ఉపకరణం దేనికి తగునో ఈ వ్యాసం మూడు ఉదాహరణలతో వివరిస్తుంది.

2. మచిలీపట్నం – ఛాయాచిత్రం:

బందరులోని డచ్చివారి శ్మశానంలో 17వ శతాబ్ది నాటి సమాధి ఫలకాలున్నాయి. తీరప్రాంతపు ఉప్పుగాలి రాతిని క్రమంగా అరగదీస్తుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండలో ఫోనుతో చిత్రిస్తే అరిగిన అక్షరాలు స్పష్టపడతాయి. తేదీ, స్థలం, లైసెన్సు వివరాలతో వికీమీడియా కామన్స్‌లో చేర్చిన చిత్రం తరువాతి పరిశోధకులకు సాక్ష్యమవుతుంది.

3. గుడివాడ – ముద్రిత మూలం:

గుడివాడ బౌద్ధ స్తూపపు దిబ్బను గురించి అలెగ్జాండర్ రీ 1894లో ప్రచురించిన గ్రంథంలో రాశాడు. కాపురక్షణ కాలం ముగిసిన ఇటువంటి గ్రంథాల ప్రతులు అంతర్జాలంలో లభిస్తాయి. దిబ్బ చుట్టూ అల్లుకున్న జనశ్రుతిని, తవ్వకాల నివేదికను పక్కపక్కన ఉంచి చదివిన విద్యార్థికి ఐతిహ్యానికీ ఆధారానికీ గల తేడా స్వయంగా తెలుస్తుంది. వికీపీడియాలో ప్రతి మార్పూ ‘చరిత్ర’ పుటలో నమోదవుతుంది గనుక ఎవరు ఏమి రాశారో, ఎక్కడ నకలు చేశారో అధ్యాపకుడు గుర్తించగలడు.

4. దివిసీమ – మౌఖిక సాక్ష్యం:

1977 నవంబరు 19న వచ్చిన తుపానులో మృతుల సంఖ్య అధికారికంగా సుమారు 10,000. ఇతర అంచనాలు అంతకు మించినవి. ప్రజలు దానిని ‘దివిసీమ ఉప్పెన’ అనే పిలుస్తారు. ప్రాణాలు తీసింది గాలికన్నా సముద్రపు నీరేనన్న జ్ఞాపకం ఆ పేరులో నిలిచింది. అప్పటి పదేళ్ల పిల్లలకు నేడు అరవై ఏళ్లు సమీపిస్తున్నాయి. సొర్లగొంది వంటి గ్రామాల్లో వారి మాటలను నమోదు చేయడానికి మిగిలిన వ్యవధి తక్కువ.

అయితే వికీపీడియా మౌలిక పరిశోధనను అనుమతించదు. నేరుగా సేకరించిన సాక్ష్యం అందులో చేరదు. దానికి తగిన చోటు తరగతి బ్లాగు లేదా కళాశాల గ్రంథాలయపు ధ్వనిభాండాగారం. చెప్పినవారి అనుమతి, తేదీ, ఊరు తప్పక నమోదు కావాలి. ఆత్మీయులను కోల్పోయినవారికి మధ్యలో ఆపే హక్కు, పేరు గోప్యంగా ఉంచుకునే హక్కు ఉండాలి. వారి మాండలిక పదాలను గ్రాంథికంగా గాని, ‘ప్రామాణికం’గా గాని దిద్దకూడదు.

5. మూల్యాంకనం:

పుటల సంఖ్యకు మార్కులు వేస్తే విద్యార్థి నకలును ఆశ్రయిస్తాడు. చూపిన ఆధారాలకు, విమర్శకు స్పందించి చేసిన సవరణలకు మార్కులు కేటాయించాలి. అందరికీ ఫోను, డేటా సమానంగా ఉండవు గనుక బృందాలుగా పని పంచడం, కళాశాల కంప్యూటర్లను వినియోగించడం అవసరం.

6. ముగింపు:

శిల, గ్రంథం, స్మృతి అనే మూడు సాక్ష్యాలకు మూడు వేర్వేరు పద్ధతులు కావాలి. ఏది ఎక్కడ చెల్లుతుందో గ్రహించడమే విద్యార్థికి పరిశోధనలో తొలి శిక్షణ. ఫలకాన్ని మరో ఏడాది చిత్రించవచ్చు, గ్రంథాన్ని మళ్లీ తెరవవచ్చు. ఉప్పెనను చూసినవారి మాటకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. కనుక ఈ కృషి దివిసీమ నుంచే ప్రారంభం కావడం సముచితం.